టీ సెల్ రిసెప్టర్ల మీద నా పీహెచ్‌డీ: చేరిన రోజు నుంచి వైవా దాకా

2025 జూన్ 19, గురువారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక నా వైవా, అంటే థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష, అయిపోయింది. నేను చేరింది 2019 జూలై 22న. ఆరేళ్ళకు నెల రోజులు తక్కువ. చేరేముందు ఇందులో డబ్బు ఎప్పుడు ఆగుతుందో, ఎక్కడ ఎన్నాళ్ళు ఎదురుచూడాలో, ఏ ఘట్టంలో మనిషి కుంగిపోతుందో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. మా వైపు నుంచి ఈ దారిలోకి వచ్చే పిల్లల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తారీఖులు నా డైరీలోవి.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు పక్కన పల్లె. నాయనకు ఆరెకరాల రొయ్యల గుంటలు. వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలిన గుంట ఎలా ఉంటుందో బడికి పోయే వయసు నుంచే నాకు తెలుసు. ముందు మేత మిగిలిపోతుంది, తర్వాత రొయ్యలు గట్టువారకు వచ్చేస్తాయి, వారం పదిరోజుల్లో గుంట ఖాళీ. ఎమ్మెస్సీలో ఒకరోజు ఇమ్యునాలజీ క్లాసులో మేడమ్ చెప్పారు, రొయ్యకు టీ సెల్స్ అనే రక్షణ కణాలు ఉండవు, యాంటీబాడీలు ఉండవు, ఒకసారి వచ్చిన జబ్బును మన ఒళ్ళు గుర్తుపెట్టుకున్నట్టు అది గుర్తుపెట్టుకోలేదు అని. ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. కాసేపు ఆగి, "అయితే మనకుండేది దానికి లేదన్నమాట" అన్నాడు. ఆ మనకుండేదేమిటో గట్టిగా తెలుసుకోవాలని అప్పుడే మనసులో పడింది. పరిశోధన చేసేవాళ్ళకు ఇచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చాక హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో చేరాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. అప్పట్లో జేఆర్ఎఫ్ నెలకు 31,000. లెక్క చేరిన రోజు నుంచే మొదలవుతుంది, చేతికి రావడం మాత్రం వేరే కథ. జాయినింగ్ రిపోర్టు, గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ సంతకం, ఆ పైన ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి ఫైలు. నా మొదటి ఫెలోషిప్ 2019 డిసెంబర్ 9న పడింది, వెనకటి నెలలది మొత్తం ఒకేసారి. అప్పటిదాకా మెస్ బిల్లు నాయన పంపాడు. ఆ పంటకు ఒక గుంటలో సీడు, అంటే రొయ్య పిల్లలు, వేయకుండా వదిలేశాడని చాలా రోజుల తర్వాత అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. చేరబోయేవాళ్ళు ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి. ఐదేళ్ళలో ఇలా ఆగిపోవడం నాకు నాలుగుసార్లు జరిగింది. అన్నిటికంటే పొడవైంది ఏడు నెలలు, 2021లో జేఆర్ఎఫ్ నుంచి దాని తర్వాతి మెట్టు ఎస్ఆర్ఎఫ్‌కి మారినప్పుడు. 35,000 అయింది. 2023 జనవరి 1 నుంచి దేశమంతా ఫెలోషిప్‌లు పెంచారు కాబట్టి 42,000 అయింది, ఆ బకాయి కూడా నెలల తర్వాతే వచ్చింది.

మొదటి ఆరు నెలలు కోర్సువర్క్, పరీక్షలు. దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. నా అసలు ప్లాన్ వెట్ ల్యాబ్. రక్తం నమూనాల నుంచి టీ సెల్స్ వేరుచేసి చూడాలని. ఎథిక్స్ కమిటీ అనుమతికి రెండు నెలల పైన పట్టింది. కాగితం చేతికొచ్చింది 2020 మార్చి 11న. మార్చి 20 రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, "పది రోజుల్లో వచ్చేస్తాను" అని రూమ్మేట్‌కు చెప్పి కావలిలో దిగాను. రెండు రోజులకు జనతా కర్ఫ్యూ, ఆ తర్వాత రైళ్ళే లేవు. తిరిగి హైదరాబాద్ వెళ్ళింది నవంబర్‌లో.

ఏప్రిల్ చివర గైడ్ గారు ఫోన్ చేశారు. "ఇప్పట్లో ల్యాబ్ తెరవరమ్మా. కంప్యూటర్ మీద చేయగలిగిన సమస్య ఏదైనా తీసుకుందామా?" అన్నారు. నాకు అప్పటికి ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రాదు. సరే అన్నాను. అది ధైర్యం కాదు, వేరే దారి లేదు. ఇంట్లో సిగ్నల్ అందేది కాదు. గుంట గట్టు మీద కాపలా షెడ్డులో అందేది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. ఉదయం ఐదింటికి నాయన మేత వేయడానికి పోతే వెనకే ల్యాప్‌టాప్ సంచితో నేనూ పోయేదాన్ని. ఏరేటర్ల మోత మధ్య పైథాన్ నేర్చుకున్నాను. నాలుగు నెలలు పట్టింది, అదీ తడబడుతూ.

నేనేం చేస్తున్నానో నాయనకు ఇలా చెప్పాను. మన ఒంట్లో కోట్లాది టీ సెల్స్ తిరుగుతుంటాయి. ఒక్కోటీ ఒక్కో రకం కన్నున్న వల లాంటిది. ఏ వలలో ఏది చిక్కుతుందో దాని రిసెప్టర్ (పట్టుకునే ప్రొటీన్) చివరనుండే చిన్న భాగం ఎక్కువగా తేలుస్తుంది. దాన్ని సీడీఆర్3 అంటారు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక అక్షరం చొప్పున రాస్తే మామూలుగా పన్నెండు నుంచి పదహారు. అవతల వైరస్ ముక్క, అంటే పెప్టైడ్, చాలాసార్లు తొమ్మిది అక్షరాలు. ఈ అక్షరాల వరస ఆ అక్షరాల వరసను పట్టుకుంటుందా లేదా అన్నది కంప్యూటర్‌కు నేర్పించాలి. అది కుదిరితే ఒక మనిషి రక్తంలోని రిసెప్టర్ల జాబితా చూసి ఏయే జబ్బులను ఆ ఒళ్ళు ఎదుర్కొందో చెప్పొచ్చు, క్యాన్సర్ మందుకు పనికొచ్చే సెల్‌ను వెతకొచ్చు. "వల చూసి చేప పేరు చెప్పాల" అన్నాడు నాయన. సరిగ్గా అదే.

2021 మొదటి సగం అంతా డేటా శుభ్రం చేయడానికే పోయింది. ఇది ఎవరూ ముందు చెప్పరు. వీడీజేడీబీ, మెక్‌పాస్, ఐఈడీబీ అని ఎవరైనా వాడుకోగలిగే డేటాబేస్‌లు ఉన్నాయి. డౌన్‌లోడ్ చేయడం ఐదు నిమిషాల పని. కానీ ఒకే జన్యువును కొందరు ఐఎంజీటీ అనే అంతర్జాతీయ పేర్ల పద్ధతిలో ఒక పేరుతో రాస్తారు, కొన్ని కంపెనీల ఫైళ్ళలో మధ్యలో ఒక అక్షరం, ఒక సున్నా అదనంగా ఉంటాయి. ఆ తేడా పట్టించుకోకుండా కలిపితే ఒకే రిసెప్టర్ రెండు వేరువేరు రిసెప్టర్లుగా నిలబడుతుంది. అదే పేపర్‌లోని అవే వరసలు మూడు డేటాబేస్‌లలోనూ ఉంటాయి. రిసెప్టర్‌కు ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులు ఉంటే, ఎక్కువ రికార్డుల్లో బీటా ఒక్కటే ఉంటుంది. పైగా వేల రికార్డులు కొద్దిపాటి పెప్టైడ్‌ల మీదే పేరుకుని ఉంటాయి. ఫ్లూ వైరస్‌ది ఒకటి, సైటోమెగలోవైరస్‌వి కొన్ని, ఎప్‌స్టీన్ బార్‌ది ఒకటి రెండు. మిగతా ప్రపంచమంతా ఖాళీ. ఇది నేను అప్పుడు చూశాను, చూసి కూడా దాని బరువు అర్థం చేసుకోలేదు.

మోడల్ (నేర్చుకునే ప్రోగ్రామ్) లెక్కలు వేగంగా చేసే చిప్పు జీపీయూ. దాని గురించి ఒక మాట. మా ల్యాబ్‌లో ఒక్కటే ఉండేది, ఐదుగురికి. గోడ మీద టైమ్ టేబుల్. నా వంతు మంగళవారం, శుక్రవారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. మిగతా రోజుల్లో ఇంటర్నెట్‌లో జీపీయూ వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్. ఉచితంగా ఇచ్చే దాంట్లో కొన్ని గంటలకు సెషన్ తెగిపోతుంది. ఒకసారి తొమ్మిది గంటలు నడిచిన ట్రైనింగ్ పోయింది, చెక్‌పాయింట్ దాచుకోలేదు. ఆ తర్వాత డబ్బు కట్టి పదకొండు నెలలు వాడాను, పదకొండు పన్నెండు వేలు నా చేతి నుంచే. అలాంటిదే ఇంకోటి, కాగల్‌లో వారానికి ముప్పై గంటల జీపీయూ ఉచితమని నాకు మూడో ఏడాది తెలిసింది. మీరు మొదటి వారంలోనే తెలుసుకోండి.

2021 డిసెంబర్ 14, మంగళవారం రాత్రి. తెల్లవారుజాము నాలుగున్నరకు స్క్రీన్ మీద 0.93 కనిపించింది. ఈ లెక్కలో 1 వస్తే పట్టుకునే రిసెప్టర్లనూ పట్టుకోనివాటినీ పూర్తిగా విడదీసినట్టు, 0.5 వస్తే బొమ్మాబొరుసు వేసినట్టు. మూడుసార్లు తిరిగి నడిపాను. 0.93, 0.93, 0.92. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. సంక్రాంతికి ఇంటికి పోయి వస్తూ నెల్లూరులో రెండు కిలోల మలై కాజా కొని ల్యాబ్ అందరికీ పంచాను. 2022 మార్చి 7న పేపర్ పంపాం.

జవాబు రావడానికి ఐదు నెలల పది రోజులు. ఆగస్టు 17న వచ్చింది, తిరస్కరణ. మొదటి రివ్యూయర్ రెండు పేజీలు రాశారు. రెండో రివ్యూయర్ రాసింది నాలుగు వరసలు. అందులో ఒక ప్రశ్న, పెప్టైడ్‌ను తీసేసి మోడల్‌ను నడిపి చూశారా అని. నాకు ముందు కోపం వచ్చింది. పెప్టైడ్ తీసేస్తే ఇక ప్రశ్నే లేదు కదా అనుకున్నాను. అయినా ఆ రాత్రే నడిపాను. పెప్టైడ్ స్థానంలో అంతా ఒకే అక్షరం పెట్టాను.

0.91 వచ్చింది.

అంటే నా మోడల్ పెప్టైడ్ వైపు చూడడమే లేదు. ఏ చేప అని అడగకుండానే వల చూసి "పడుతుంది" అంటోంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పట్టుకునే రిసెప్టర్లను డేటాబేస్‌ల నుంచి తీసుకున్నాను. పట్టుకోనివాటికి ఉదాహరణలుగా ఆరోగ్యంగా ఉన్న మనుషుల రక్తం నుంచి వచ్చిన వేరే డేటాను పెట్టాను. అవి రెండూ వేరే వేరే చోట్ల, వేరే పద్ధతుల్లో తీసినవి. పొడవుల్లో తేడా, జన్యువుల వాడకంలో తేడా. మోడల్ నేర్చుకున్నది ఇది ఎక్కడి నుంచి వచ్చిన ఫైలు అన్న సంగతి మాత్రమే. పైగా ట్రైనింగ్‌లో ఉన్నవాటికి ఒక్క అక్షరం తేడాతో ఉన్న వరసలు టెస్టులోనూ ఉన్నాయి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మెస్‌కు పోలేదు. కాజా పంచిన చేతులతో ఇప్పుడు వాళ్ళ ముందుకు ఎలా పోవాలా అని అదే ఆలోచన. నాలుగో రోజు గైడ్ గారి గదికి వెళ్ళి రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. "పేపర్ అచ్చయ్యాక తెలిసుంటే?" అన్నారు. అంతే. తిట్టలేదు. ఆ రోజు ఆయన తిట్టి ఉంటే నేను మానేసేదాన్నేమో.

ఆగస్టు 31న వినాయకచవితి. ఇంటికి పోయాను. నా మొహం చూసి నాయన అడిగాడు, చెప్పాను. పూర్తిగా విన్నాడు. మా వైపు రొయ్యల రైతులకు పీసీఆర్ అనే మాట కరోనాకు ఎంతో ముందు నుంచి తెలుసు, సీడు కొనేముందు చేయించేది ఆ టెస్టే. "హేచరీ వాళ్ళిచ్చిన రిపోర్టు చూసి సీడు ఎవురైనా వేస్తారా పాపా? మనం బయట ల్యాబులో చేయిస్తాం. అదీ ఒక్క కవరులోది తీస్తే చాలదు. నువ్వు నీ సీడుకు నువ్వే రిపోర్టు రాసుకున్నట్టుండాదే" అన్నాడు.

ఈ మాటను నేను తర్వాత థీసిస్ మూడో అధ్యాయంగా మార్చాను. అతిశయోక్తి కాదు. ఒక పేపర్ నుంచి వచ్చిన డేటా మొత్తం ట్రైనింగ్‌లోనే ఉండాలి, లేదా మొత్తం టెస్టులోనే ఉండాలి, రెండు వైపులా చీలకూడదు. దగ్గరి పోలిక ఉన్న వరసలు ఒకే వైపు ఉండాలి. పట్టుకోనివాటి ఉదాహరణలు బయటి నుంచి తేకుండా, ఉన్న రిసెప్టర్లనే వేరే పెప్టైడ్‌లతో జతమార్చి చేయాలి. దానికీ దాని దోషాలు ఉన్నాయి, అవి కూడా కొలిచి రాయాలి. చివరగా, మోడల్ ఎప్పుడూ చూడని పెప్టైడ్‌ల మీద విడిగా ఒక పరీక్ష. 2022 సెప్టెంబర్ నుంచి 2023 నవంబర్ దాకా ఇదే పని. ఫ్లూ పెప్టైడ్ లాంటి, డేటా బాగా ఉన్నవాటికి 0.8 దాకా నిలబడింది. ఎప్పుడూ చూడనివాటికి 0.53. నాలుగు నెలలు కూర్చుని కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అనే రకం పెద్ద మోడల్, వారంలో రాసిన చిన్న మోడల్‌ను ఎక్కడా గట్టిగా దాటలేదు.

ఈ మధ్యలోనే ఇదే సమస్య మీద జరిగిన ఇమ్‌రెప్22 అనే పోటీ ఫలితాల నివేదిక చదివాను. అక్కడా సాదాసీదా పద్ధతులు పెద్ద మోడళ్ళతో సమానంగా నిలిచాయనీ, రెండు గొలుసుల సమాచారం ఉంటే మేలనీ ఉంది. 2023లోనే నేచర్ మెషిన్ ఇంటెలిజెన్స్‌లో ఈ నెగటివ్ డేటా (పట్టుకోనివాటి ఉదాహరణల) పక్షపాతం మీదే ఒక వ్యాసం వచ్చింది. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నేను పడ్డ గుంటే అది, నాకంటే ముందు వాళ్ళు చెప్పేశారు. ఆ వారం నాకు నిద్ర లేదు. తర్వాత నెమ్మదిగా ఇంకో రకంగా అనిపించింది. తప్పు నా ఒక్కదానిదే అయితే నాకు తెలివి లేనట్టు. ప్రపంచంలో చాలామంది ఇదే చోట జారుతున్నారంటే అది రాయవలసిన విషయమే. వాళ్ళు చూడనిది ఏమిటని వెతికితే, పేపర్ వారీగా విడదీసినప్పుడు ఏమవుతుందో నా దగ్గర వివరంగా ఉంది. అక్కడ నిలబడ్డాను.

పని మారింది కాబట్టి థీసిస్ పేరు మార్చాలి. పేరు మార్చడానికి ఒక ఫారం, కమిటీ మీటింగ్, మినిట్స్, ఆర్డరు. రెండు నెలల పది రోజులు. ఆ ఆర్డరులో పేరు ఎలా ఉందో ఆపైన ప్రతి కాగితంలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. నాకు ఒక చోట హైఫన్ తేడా వచ్చి ఒక ఫారం తిరిగి వచ్చింది.

2023 డిసెంబర్ మొదట్లో నేను ఇంట్లో ఉన్నాను. మిచాంగ్ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు రెండు రోజుల ముందు నుంచే కుండపోత. కరెంటు నాలుగు రోజులు లేదు. గట్టు తెగి రెండు గుంటల రొయ్యలు కాలవలో కలిసిపోయాయి, ఇరవై రోజుల్లో పట్టుబడికి వచ్చే సరుకు. నేనూ నాయనా ఇసుక బస్తాలు మోశాం. ఆ నాలుగు రోజులు టీ సెల్ అనే మాట నాకు గుర్తే రాలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు నాయన రైలు టికెట్‌కు డబ్బివ్వబోయాడు. నా దగ్గర ఉన్నాయన్నాను. నిజానికి ఆ నెల కూడా ఫెలోషిప్ పడలేదు.

నేను 2019లో చేరాను కాబట్టి నాకు యూజీసీ 2016 నిబంధనలు. థీసిస్ ఇచ్చేముందు ఒక పేపర్ అచ్చు కావాలి, రెండు సదస్సుల్లో మాట్లాడి ఉండాలి. 2022 నిబంధనల్లో పేపర్ తప్పనిసరి అన్నది తీసేశారు, కానీ చాలా చోట్ల యూనివర్సిటీలు సొంతంగా అడుగుతూనే ఉన్నాయి, మీది ముందే కనుక్కోండి. నా కొత్త పేపర్ రెండు విడతల సవరణల తర్వాత 2024 మే 8న ఒప్పుకున్నారు. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదివేలా, వేయాలంటే రెండు లక్షల పైన కట్టాలన్నారు. మామూలు పద్ధతి ఎంచుకున్నాం, పైసా కట్టలేదు. ఈ ఎంపిక ఉంటుందని తెలియక అప్పు చేసిన అమ్మాయి నాకు తెలుసు.

2024 జూలై 21తో ఫెలోషిప్ ఐదేళ్ళు అయిపోయాయి. థీసిస్ సగం రాశాను. చేతిలో జీతం లేదు. ఆ వారంలోనే నెల్లూరులో రొట్టెల పండుగ. కోరిక ఉన్నవాళ్ళు, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి ఆ పేరు రొట్టె పట్టుకుంటారు. మా అమ్మ చిన్నప్పటి నుంచి బారాషహీద్ దర్గాకు పోతుంది, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె పట్టింది కానీ చదువు రొట్టె ఎప్పుడూ పట్టలేదు. ఈసారి నన్నూ రమ్మంది. స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి "చదువు రొట్టె, చదువు రొట్టె" అని అడుగుతూ అరగంట తిరిగింది. ఒంగోలు నుంచి వచ్చిన ఒకామె, కొడుక్కి మెడిసిన్ సీటు వచ్చిందని, తన రొట్టె అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ అది నాకు తినిపించి తలమీద కొంగు సర్దుకుని దర్గా వైపు దణ్ణం పెట్టింది. నేను మాట్లాడలేకపోయాను.

తర్వాత నెల్లూరులోనే ఉండి ఒక కోచింగ్ సెంటర్‌లో నీట్ పిల్లలకు బయాలజీ చెప్పాను, నెలకు 18,000. పొద్దున పాఠం, రాత్రి థీసిస్. ఫెలోషిప్ అయిపోయే రోజుకీ థీసిస్ ఇచ్చే రోజుకీ మధ్య ఇలాంటి ఖాళీ వస్తుందని లెక్కలో పెట్టుకోండి. నాకు తెలిసిన స్కాలర్లలో అది రానివాళ్ళు తక్కువ.

సెప్టెంబర్ 12న ప్రీ సబ్మిషన్ సెమినార్. ప్లేజియరిజం, అంటే కాపీ, పరీక్షలో పది శాతం దాటకూడదు. నాకు మొదట 23 చూపించింది, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ఎక్కువ భాగం నా సొంత పేపరే, కొంత రిఫరెన్సుల జాబితా, జన్యువుల పేర్లు. గైడ్ సంతకంతో సర్టిఫికెట్ పెట్టి అవి మినహాయిస్తే 7 అయింది. దానికి పన్నెండు రోజులు. ఆపైన నో డ్యూస్, అంటే బాకీ లేదన్న సంతకాలు: లైబ్రరీ, హాస్టల్, మెస్, ల్యాబ్ స్టోర్స్, స్పోర్ట్స్ కూడా. నేను ఒక్కసారీ బ్యాట్ ముట్టుకోలేదు, అయినా ఆ సంతకం కోసం మూడుసార్లు తిరిగాను. నాలుగు కాపీల ప్రింటింగు, బైండింగు 5,200. రంగు పేజీలకే సగం పోయింది. గ్రాఫ్‌లు నలుపు తెలుపులోనూ అర్థమయ్యేలా గీసుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

2024 నవంబర్ 14న థీసిస్ ఇచ్చేశాను. రసీదు తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు, నిద్ర వచ్చింది.

అన్నిటికంటే కష్టమైన కాలం ఆ తర్వాత మొదలైంది. పరీక్షకులు ఎవరో మనకు చెప్పరు. వాళ్ళకు థీసిస్ పంపారా లేదా అని కూడా గట్టిగా అడగలేం. నిబంధన ప్రకారం ఆరు నెలల్లో మూల్యాంకనం ముగించే ఏర్పాటు ఉండాలి. ప్రతి సోమవారం పదకొండింటికి సెక్షన్‌కు ఫోన్ చేసేదాన్ని. జనవరి చివర, ఒక పరీక్షకుడు జవాబే ఇవ్వలేదు, ఇప్పుడు ఇంకొకరికి పంపుతున్నాం అన్నారు. రెండు నెలలు నేను ఎదురుచూసిన మనిషి అసలు థీసిస్ తెరిచే చూడలేదు. మొదటి రిపోర్టు ఫిబ్రవరి 26న, రెండోది మే 5న వచ్చాయి. ఇంట్లో పెళ్ళి సంబంధాల వాళ్ళు "అమ్మాయి చదువు అయిపోయిందా" అని అడిగితే అమ్మకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. అయిపోయిందీ అనలేం, కాలేదూ అనలేం. సోమవారం పూట నాకు ఛాతీలో బరువుగా ఉండేది. ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది కోచింగ్ పిల్లలే. వాళ్ళకు టీ సెల్స్ పరిణతి చెందే థైమస్ గ్రంథి పాఠం చెప్పేటప్పుడు, ఈ టీ సెల్స్ మీద నేను ఐదేళ్ళు పనిచేశాను అన్నప్పుడు వాళ్ళు అడిగిన ప్రశ్నలు నేను దేన్ని ఇష్టపడి వచ్చానో గుర్తుచేసేవి.

రెండో రిపోర్టులో పదకొండు చిన్న సవరణలు. ఒకటి మాత్రం మంచి దెబ్బ. నాలుగో అధ్యాయంలో 0.53 చుట్టూ ఎర్రర్ బార్, అంటే అంకె ఎంత అటూఇటూ కావచ్చో చూపే గీత, వేయలేదు, అది 0.5 కంటే నిజంగా ఎక్కువా అని అడిగారు. వేసి చూస్తే, ఎక్కువ అని చెప్పలేం. ఆ వాక్యం మార్చాను.

వైవా రోజు నాయన, అమ్మ ముందు రాత్రి రైలుకు వచ్చారు. ఆ రోజే ఒక గుంట పట్టుబడి ఉంటే దాన్ని మా చిన్నాన్నకు అప్పజెప్పి వచ్చాడు నాయన. వైవా అందరికీ తెరిచే ఉంటుంది, పదిహేనుమంది దాకా కూర్చున్నారు. నలభై నిమిషాలు నేను మాట్లాడాను, గంటకు పైన ప్రశ్నలు. టీ, సమోసాలు మన ఖర్చే, 3,600 అయింది.

పరీక్షకులు మొదట అడిగింది నేను భయపడిన ప్రశ్నే. "అంటే అమ్మా, నీ మోడల్ పనిచేయదని చెప్పడానికి థీసిస్ రాశావా?"

ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో రాశాను సార్ అన్నాను. ఫ్లూ పెప్టైడ్ స్లైడ్ చూపించాను. ఆ పెప్టైడ్‌ను పట్టుకునే రిసెప్టర్లు చాలావాటి సీడీఆర్3 మధ్యలో ఆర్, ఎస్ అనే రెండు అక్షరాల జంట ఉంటుందని ముందే తెలిసిన విషయం. నా మోడల్‌లో ఆ రెండు అక్షరాలు మారిస్తే స్కోరు పడిపోతుంది, అంటే ఇక్కడ అది చూడవలసిన చోటే చూస్తోంది. పక్కనే చూడని పెప్టైడ్‌ల స్లైడ్ పెట్టి, ఇక్కడ ఏ అక్షరం మార్చినా స్కోరు కదలదు, కాబట్టి దీన్ని నమ్మి ఆస్పత్రిలో ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు అన్నాను. ఆయన కాసేపు రాసుకున్నారు. తర్వాత, పాత 0.93 ఎందుకు థీసిస్‌లో ఉంచావని అడిగారు. నేను ఎలా మోసపోయానో చూపించకపోతే నా తర్వాత వచ్చేవాళ్ళు అదే ఫైలుతో అదే నంబరు తెచ్చుకుంటారు సార్ అన్నాను. గొంతు వణికింది, కానీ చెప్పాను.

మమ్మల్ని బయట నిలబెట్టి ఎనిమిది నిమిషాలు మాట్లాడుకున్నారు. పిలిచి సిఫార్సు చేస్తున్నాం అన్నారు. నాయన గైడ్ గారి దగ్గరకు పోయి రెండు చేతులూ జోడించాడు. గైడ్ గారు ఆ చేతులు పట్టుకుని, "మూడో అధ్యాయం మీదేనంటగా" అన్నారు.

అయిపోయిందనుకోకండి. సవరించిన సాఫ్ట్ కాపీ ఇచ్చి, అది థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌కు వెళ్ళిందన్న కాగితం వస్తేగానీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వరు. నాకు జూలై 2న చేతికొచ్చింది.

ఆ వారమే రొట్టెల పండుగ. మొక్కు తీరినవాళ్ళు రొట్టె ఇవ్వాలి. అమ్మ తెల్లవారుజామున గోధుమ రొట్టెలు చేసి గుడ్డలో కట్టింది. చెరువులో దిగి ఈసారి "చదువు రొట్టె ఇస్తాం" అని నేనే పిలిచాను. కందుకూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, డిగ్రీ చివరి ఏడాదట, నీళ్ళు తోసుకుంటూ వచ్చి చేతులు చాపింది. అమ్మ రొట్టె పెట్టింది. ఆ పిల్ల ముక్క తుంచి నోట్లో వేసుకుని నా వైపు చూసి అడిగింది.

"ఏం చదివారక్కా?"

ఒడ్డుకు పోదాం రా, చెప్తాను అన్నాను.